తల్లి సంకల్పం, దాని మూల్యం: విదుల నుండి సుజాత వరకు ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సాహిత్యంలోని తల్లి పాత్రలను పరిశీలించేటప్పుడు ‘స్ఫూర్తిదాయిని’, ‘వీరమాత’, ‘త్యాగమూర్తి’ అన్న విశేషణాలు తరచుగా ఎదురవుతాయి. ఈ విశేషణాలు తల్లి గొప్పతనాన్ని చెబుతాయి. ఆమె సంకల్పం వల్ల ఎవరు ఏమి కోల్పోయారో మాత్రం చెప్పవు. వ్యాసభారతంలోని విదుల, కుంతి, కాటమరాజు గాథలతో ముడిపడిన చాటు సంప్రదాయంలోని ప్రోలమ, అనంతామాత్యుని భోజరాజీయంలోని గోవు, గోర్కీ ‘అమ్మ’ నవలలోని నీలోవ్నా, మహాశ్వేతాదేవి ‘ఒక తల్లి’లోని సుజాత అనే ఆరు పాత్రలను ఈ వ్యాసం ఒకే ప్రశ్నల వరుసతో పరిశీలిస్తుంది. తల్లి సంకల్పం ఎవరిని ఉద్దేశించింది, దానికి ఆధారమైన వనరు ఏది, దాని మూల్యాన్ని ఎవరు చెల్లించారు, ఆ తరువాత తల్లి ఏమైంది అన్నవి ఆ ప్రశ్నలు.

కీలక పదాలు: మాతృపాత్ర, సంకల్పం, ఉద్బోధ, మూల్యం, విదుల, కుంతి, ఖడ్గతిక్కన, గోవ్యాఘ్ర సంవాదం, నీలోవ్నా, సుజాత.

1. ప్రవేశిక

మాతృపాత్రల పరిశీలన ప్రధానంగా రెండు దారుల్లో సాగుతూ వచ్చింది. తల్లిని సహనానికీ త్యాగానికీ మారుపేరుగా భావించి కీర్తించడం మొదటిది. మాతృత్వం పేరిట స్త్రీపై సమాజం మోపిన భారాన్ని ప్రశ్నించడం రెండవది. మొదటి దారిలో తల్లి ఆరాధ్యమూర్తి అవుతుంది, రెండవ దారిలో బాధితురాలు అవుతుంది. ఈ రెండింటి నడుమ తల్లిని కర్తగా, అంటే తాను ఒక నిర్ణయం తీసుకొని దానిని అమలు చేసిన వ్యక్తిగా చూసే అవకాశం తగ్గిపోతుంది.

కర్తగా చూడడమంటే ప్రశంసతో పాటు బాధ్యతను కూడా ఆమెకు చెందనివ్వడమే. కొడుకును యుద్ధానికి పంపిన తల్లినీ, కొడుకు కోసం తాను మృత్యుముఖానికి వెళ్ళిన తల్లినీ ‘ధైర్యవతి’ అన్న ఒకే మాటతో వర్ణిస్తే వారి మధ్య ఉన్న నైతిక భేదం కనుమరుగవుతుంది. ఒకరి సంకల్పానికి మరొకరు ప్రాణం చెల్లించారు. మరొకరి సంకల్పానికి ఆమే ప్రాణం పణంగా పెట్టింది. ఈ భేదాన్ని గుర్తించకుండా తల్లుల నుండి స్ఫూర్తి పొందడం గురించి మాట్లాడడం అసంపూర్ణ విమర్శే అవుతుంది.

ఇక్కడ స్వీకరించిన రచనలు కాలంలోను, ప్రక్రియలోను, భాషలోను భిన్నమైనవి. అయినా ఇవన్నీ తెలుగు పాఠకుని అనుభవంలో భాగమైనవే. ఉద్యోగ, ఆశ్రమవాస పర్వాలు తిక్కన ఆంధ్రీకరణ పరిధిలోనివి. ఖడ్గతిక్కన కథ, గోవ్యాఘ్ర సంవాదం తెలుగు నేల మీద స్థిరపడినవి. గోర్కీ నవల క్రొవ్విడి లింగరాజు అనువాదం ద్వారా, మహాశ్వేతాదేవి నవల ‘ఒక తల్లి’ అన్న పేరుతో తెలుగులోకి వచ్చాయి. ప్రతి రచనలోను తల్లి ఒక నిర్ణయానికి వచ్చే ఘట్టం స్పష్టంగా ఉండడం ఈ ఎంపికకు ప్రాతిపదిక.

2. విదుల: పరుషవాక్కు వెనుక ఉన్న వనరు

సింధురాజు చేతిలో ఓడి, నిరుత్సాహంతో పడి ఉన్న కుమారుడు సంజయుని తల్లి విదుల నిందించి, తిరిగి యుద్ధానికి సన్నద్ధుని చేయడం విదులోపాఖ్యానం. వ్యాసుడు ఆమెను పరిచయం చేసిన తీరు గమనింపదగినది. ఆమె బహుశ్రుత, దీర్ఘదర్శిని, రాజసభలలో పేరుపొందినది. ఆమె మాట విలువ మాతృత్వం వల్ల మాత్రమే రాలేదనీ, పాండిత్యం, లోకజ్ఞానం వల్ల కూడా వచ్చిందనీ ఆ పరిచయమే తెలియజేస్తుంది.

ఈ ఉపాఖ్యానం పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది విదుల పరుషవాక్కు. క్షణకాలం భగ్గున మండే తుమికి కొయ్యకూ, మంట లేక చిరకాలం పొగలు కక్కే ఊకకూ ఆమె చూపిన భేదం లోకంలో ప్రసిద్ధం. ఆమె నిందలో స్వానుభవం కూడా ఉంది. ఒక మడుగు నుండి మరొక మడుగుకు చేరిన తామరలా గొప్ప ఇంటి నుండి గొప్ప ఇంటికి వచ్చిన తాను, అడిగిన బ్రాహ్మణునికి లేదని చెప్పవలసి వస్తే గుండె పగిలిపోతుందని ఆమె అంటుంది. కాబట్టి ఆమె ఆవేదన కొడుకు కీర్తికి మాత్రమే సంబంధించినది కాదు. ఆశ్రయించినవారిని పోషించే స్థితి నుండి ఒకరిని ఆశ్రయించి బతికే స్థితికి దిగజారిన స్త్రీ ఆవేదన అది.

సంజయుడు మౌనంగా తలవంచడు. ఆమె హృదయం ఇనుముతో చేసినదా అని అడుగుతాడు. తాను లేనినాడు ఈ భూమి అంతా దక్కినా ఆమెకు ఏమి ప్రయోజనమని ప్రశ్నిస్తాడు. మూల్యం గురించిన ప్రశ్నను తల్లి ముందుంచినవాడు కొడుకే. దానికి విదుల ఇచ్చిన సమాధానం నిష్ఠురమైనది. కొడుకుకు అపకీర్తి కలుగుతున్నప్పుడు మాట్లాడకుండా ఊరుకునే ప్రేమ ఆడగాడిదకు పిల్ల మీద ఉండే మమకారం వంటిదని, అందులో సామర్థ్యమూ లేదు, హేతువూ లేదని ఆమె తీర్పు చెబుతుంది. వాత్సల్యానికి హేతువు ఉండాలన్న ఈ భావన మాతృత్వాన్ని కేవలం సహజాతంగా భావించే అలవాటుకు పూర్తిగా భిన్నమైనది.

అయితే ఉపాఖ్యానంలోని కీలకమైన మలుపు దీని తరువాత వస్తుంది. ధనాగారం లేదు, సహాయకులు లేరు, గెలుపు ఎలా సాధ్యమని సంజయుడు అడిగినప్పుడు విదుల స్వరం మారుతుంది. శత్రువు మీద కోపంతో ఉన్నవారిని, అవమానితులను, లోభులను ఎలా కూడగట్టాలో ఆమె వివరిస్తుంది. తనకు తప్ప మరెవరికీ తెలియని ధనరాశి ఉన్నదని, దానిని అప్పగిస్తానని చెబుతుంది. ఆపదలో తోడు నిలిచే మిత్రులున్నారని కూడా తెలుపుతుంది. అంటే ఆమె కొడుకును వట్టి చేతులతో మృత్యువు ఎదుటికి నెట్టలేదు. పరుషవాక్కు అతనిని లేపడానికి ఉపయోగపడింది. నిలబెట్టింది మాత్రం కోశమూ వ్యూహమే. విదులను ఉటంకించే ప్రసంగాలలో మొదటి భాగమే మిగిలి రెండవ భాగం జారిపోవడం వల్ల ఆమె సంకల్పం నిందగా కుదించుకుపోయింది.

చివరలో సంజయుడు చెప్పిన మాట ఈ సంభాషణకు కొత్త అర్థాన్ని ఇస్తుంది. తల్లి మాటలు మరికొన్ని వినాలన్న కోరికతోనే నడుమ నడుమ కొద్దిగా ఎదురు చెబుతూ, మళ్ళీ మళ్ళీ మౌనం వహిస్తూ వచ్చానని అతడు అంటాడు. స్ఫూర్తి అన్నది తల్లి నుండి కొడుకుకు ఏకపక్షంగా ప్రవహించేది కాదనీ, ప్రశ్నించే శ్రోత వల్లనే అది పదునెక్కుతుందనీ వ్యాసుడు ఇక్కడ సూచించాడు.

3. కుంతి: కథ చెప్పిన తల్లికి ఎదురైన ప్రశ్న

విదులోపాఖ్యానాన్ని చెప్పినది కుంతి. శ్రీకృష్ణుని రాయబారం విఫలమై, అతడు హస్తినాపురం నుండి తిరిగి వెళ్ళే వేళ కొడుకులకు అందజేయవలసిన సందేశంగా ఆమె ఈ కథ చెప్పింది. కొడుకులు వనవాస, అజ్ఞాతవాసాల్లో ఉన్న కాలమంతా ఆమె విదురుని ఇంట గడిపింది. రాజ్యం పోవడం కంటె, జూదంలో ఓడడం కంటె, కొడుకులు అడవుల పాలు కావడం కంటె ద్రౌపది నిండుసభలో ఏడవవలసి రావడమే తనకు ఎక్కువ దుఃఖమని ఆమె చెప్పింది. కోడలికి జరిగిన అవమానం అత్త సంకల్పానికి మూలం కావడం ఈ సందేశంలోని విశేషం.

కుంతి సంకల్పానికి మరొక ముఖం కూడా ఉంది. అదే పర్వంలో ఆమె గంగాతీరాన కర్ణుని కలిసి అతని జన్మరహస్యాన్ని వెల్లడిస్తుంది. అర్జునుని తప్ప మిగిలిన నలుగురిని చంపనని, ఏది జరిగినా ఆమెకు ఐదుగురు కొడుకులు మిగులుతారని కర్ణుడు మాట ఇస్తాడు. ఐదుగురిని యుద్ధానికి పురికొల్పిన తల్లి, ఆరవవానిని తానే పోగొట్టుకోవలసిన స్థితిలో నిలబడింది. యుద్ధానంతరం తర్పణ సమయంలో కర్ణుడు జ్యేష్ఠుడని ఆమె ప్రకటించినప్పుడు ధర్మరాజు దుఃఖం ఆగ్రహంగా మారి, స్త్రీలకు రహస్యం దాగకుండుగాక అన్న శాపం వెలువడింది. కుంతి మౌనానికి ఆమె ఒక్కతే కాక స్త్రీజాతి అంతా మూల్యం చెల్లించినట్లు ఇతిహాసం చెప్పింది.

ఈ పరిశీలనకు అన్నిటికంటె ముఖ్యమైన ఘట్టం ఆశ్రమవాస పర్వంలో ఉంది. కొడుకులు రాజ్యం ఏలుతుండగా కుంతి ధృతరాష్ట్ర గాంధారులతో అడవికి బయలుదేరుతుంది. అప్పుడు ధర్మరాజు ఆమెకు విదుల మాటలను గుర్తుచేస్తాడు. ఆ మాటలతో తమను ఉత్సాహపరచి, ఇప్పుడు విడిచిపోవడం తగునా అని అడుగుతాడు. ఉద్యోగ పర్వంలో నాటిన కథకు ఇన్ని పర్వాల తరువాత కొడుకు లెక్క అడగడం వ్యాసుని నిర్మాణ దృష్టికి నిదర్శనం. కుంతి తాను పురికొల్పిన మాట నిజమేనని ఒప్పుకుంటుంది. కొడుకులు పరుల ముఖం చూసి బతకకూడదని, పాండువంశం నశించకూడదని, ద్రౌపదికి జరిగినది ఊరకే పోకూడదని అలా చేశానంటుంది. భర్త కాలంలోనే తాను రాజ్యభోగం అనుభవించానని, కొడుకులు గెలిచి తెచ్చిన రాజ్యఫలాన్ని తాను కోరడం లేదని చెబుతుంది. ఆ అడవిలోనే కార్చిచ్చుకు ఆహుతి అవుతుంది.

కొడుకులను పోరాటానికి పంపిన తల్లి ఆ పోరాట ఫలంలో తన వాటాను వదులుకోవడం కుంతి పాత్రకు వ్యాసుడు ఇచ్చిన పరిపూర్తి. తన సంకల్పం స్వార్థం కాదని నిరూపించుకోవడానికి ఆమెకు మిగిలిన మార్గం అదొక్కటే. అయినా ఆ త్యాగం కర్ణుని తిరిగి తేలేదు. ఇతిహాసం ఆ లోటును పూడ్చినట్లు నటించలేదు.

4. ప్రోలమ: కంచంలోకి వచ్చిన యుద్ధం

నెల్లూరు పాలకుడు మనుమసిద్ధికీ, యాదవ వీరుడు కాటమరాజుకూ మధ్య పశువుల మేతకు చెల్లించవలసిన పుల్లరి విషయమై వైరం పుట్టింది. 13వ శతాబ్దికి చెందిన ఈ పోరులో మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన. ఇతడు కవి తిక్కనకు దగ్గరి జ్ఞాతి. సైన్యం నశించగా మరికొంత బలగం కోసం అతడు ఇంటికి తిరిగి వచ్చినప్పుడు తండ్రి సిద్ధన, తల్లి ప్రోలమ, భార్య చానమ్మ అతనిని పరిహసించిన తీరు చాటుపద్యాలుగా లోకంలో నిలిచింది. భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద ఉంచింది. తల్లి విరిగిన పాలు వడ్డించింది. అతడు తిరిగి యుద్ధానికి వెళ్ళి మరణించాడు.

ప్రోలమ పరిహాసమంతా ‘విరుగు’ అన్న ఒక్క క్రియాపదం మీద నిలబడింది. యుద్ధంలో వెనుదిరగడం, మేతకు పోయిన పశువులు మళ్ళడం, పాలు చెడిపోవడం అన్న మూడర్థాలు ఆ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. ఈ శ్లేషలోని చమత్కారాన్ని సంప్రదాయం ఎంతగానో మెచ్చుకుంది. దానికి మించిన సంగతి ఒకటి ఇందులో ఉంది. పోరు పుట్టినదే పశువుల మేత దగ్గర. ఆ మేత, ఆ పశువులు, వాటి పాలు ఇంటి కంచంలోకి వచ్చి కొడుకును నిలదీశాయి. రాజకీయ వైరం వంటింటి భాషలోకి అనువాదమైన అరుదైన ఘట్టమిది.

విదులతో పోల్చినప్పుడు ప్రోలమ పాత్రలోని లోటు స్పష్టమవుతుంది. విదుల నిందించిన తరువాత దాచిన ధనం చూపించింది, సహాయకులను సమకూర్చే ఉపాయం చెప్పింది. చాటు సంప్రదాయం ప్రోలమకు అటువంటి రెండవ మాటను ఇవ్వలేదు. బలగం కోసం వచ్చిన కొడుకుకు బలగానికి బదులు సిగ్గు దొరికింది. సంజయుడు తల్లిని ఎదురు ప్రశ్నించాడు; ఖడ్గతిక్కనకు ఆ అవకాశమూ లేదు. విరిగిన పాలకు సమాధానం మళ్ళీ యుద్ధరంగానికి వెళ్ళడం ఒక్కటే.

చానమ్మ పరిహాసం మరొక చిక్కును ముందుకు తెస్తుంది. ఇంట్లో ఆడవారు ఇద్దరు కాదు, ముగ్గురయ్యారన్నది ఆమె మాటలోని ఎత్తిపొడుపు. స్త్రీలు పురుషుని కించపరచడానికి స్త్రీత్వాన్నే తిట్టుగా వాడారు. విదుల కూడా కొడుకును పౌరుషహీనుడని నిందిస్తుంది. దృఢసంకల్పం చూపిన ఈ స్త్రీలు ఆ సంకల్పాన్ని వ్యక్తం చేయడానికి తమను తక్కువ చేసే భాషనే ఆశ్రయించవలసి వచ్చింది. వారి శక్తికి ఇది తార్కాణం, వారి కాలం గీసిన హద్దుకు కూడా ఇదే తార్కాణం.

5. గోవు: తన ప్రాణమే పణం

15వ శతాబ్దికి చెందిన అనంతామాత్యుని భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదం తెలుగు బాలలకు ‘ఆవు–పులి’ కథగా చిరపరిచితం. మేతకు వెళ్ళిన ఆవు పులి కంటబడుతుంది. ఇంటి దగ్గర ఆకలితో ఉన్న దూడకు పాలిచ్చి తిరిగి వస్తానని వేడుకుంటుంది. పులి అనుమానిస్తుంది, ఆవు ప్రమాణం చేస్తుంది. ఇంటికి వెళ్ళి దూడకు పాలిచ్చి, బుద్ధులు చెప్పి, మాట ప్రకారం తిరిగి వస్తుంది. ఆ సత్యనిష్ఠకు పులి మనసు మారుతుంది.

ఇక్కడ సంకల్పానికి శ్రోత సంతానం కాదు, శత్రువు. విదుల, ప్రోలమల వాక్కు కొడుకును ప్రమాదం వైపు నడిపింది. గోవు వాక్కు ప్రమాదాన్ని తన మీదికి తెచ్చుకుంది. ప్రాణాపాయంలో పలికిన అసత్యానికి దోషం లేదన్న మినహాయింపు ధర్మ సంప్రదాయంలో ఉన్నది. దూడకు తల్లి లేకుండా పోతుందన్న బలమైన కారణం కూడా ఉన్నది. ఈ రెండింటినీ గోవు వాడుకోలేదు. మాతృత్వాన్ని మాట తప్పడానికి సాకుగా చేసుకోకపోవడమే ఈ పాత్ర విశిష్టత.

దూడకు చెప్పిన బుద్ధులను ఈ దృష్టితో తిరిగి చదవవచ్చు. తాను లేని రోజున బిడ్డ ఎలా మెలగాలో, మందలో ఎలా నడుచుకోవాలో చెప్పడం ఆ మాటల ఉద్దేశం. విదుల ధనరాశిని అప్పగించినట్లే గోవు తనకున్న ఏకైక ఆస్తిని, అంటే జీవనజ్ఞానాన్ని, అప్పగించి వెళ్ళింది. సంతానాన్ని ఒంటరిని చేసే నిర్ణయం తీసుకున్న తల్లి ఆ ఒంటరితనాన్ని ఎదుర్కొనే సాధనాన్ని కూడా ఇచ్చింది.

ఈ కథను తల్లికి ఆదర్శంగా చూపడంలో ఒక ప్రమాదం ఉన్నది. గోవు సాధుత్వాన్ని స్త్రీ విధేయతకు పాఠంగా మార్చడం సులభం. కాని కథ చెప్పేది విధేయతను గురించి కాదు. గోవు మొదట పులితో వాదించింది, గడువు సాధించింది, తన పని ముగించుకొని తన ఇష్టంతో తిరిగి వచ్చింది. నిస్సహాయంగా లొంగిపోయిన జీవికి ఈ నాలుగూ సాధ్యం కావు.

6. నీలోవ్నా: స్ఫూర్తి దిశ మారడం

1906–07 ప్రాంతంలో వెలువడిన గోర్కీ నవలలో స్ఫూర్తి దిశ తిరగబడింది. పెలగేయా నీలోవ్నా భర్త చేత దెబ్బలు తిని, భయానికి అలవాటుపడిన కార్మిక స్త్రీ. భర్త మరణించిన తరువాత కొడుకు పావెల్ చదివే నిషిద్ధ పుస్తకాలను, ఇంటికి వచ్చే అతని మిత్రులను చూసి ఆమె మొదట భయపడుతుంది. ఇక్కడ కొడుకు ముందు నడుస్తాడు, తల్లి వెనుక నుండి నేర్చుకుంటుంది. ఆ వయసులో అక్షరాలు కూడబలుక్కోవడం కూడా ఆ నేర్చుకోవడంలో భాగమే.

ఆమె ఉద్యమంలో వేసిన మొదటి అడుగుకు కారణం సిద్ధాంతం కాదు. పావెల్ జైలులో ఉండగా కూడా కర్మాగారంలో కరపత్రాలు కనిపిస్తే, వాటిని పంచినవాడు అతడు కాదని పోలీసులు అనుకుంటారు. ఆ ఆశతో ఆమె భోజనం అమ్మే మనిషిగా కర్మాగారంలోకి కరపత్రాలు చేరవేస్తుంది. కొడుకును కాపాడుకోవాలన్న మమకారం ఆమెను ఆ గేటు దాటించింది. గేటు దాటిన తరువాత ఆమె చూసిన లోకం ఆ మమకారాన్ని ఒక్క కొడుకు దగ్గర ఆగనివ్వలేదు. విదుల కోరిన ‘హేతువున్న వాత్సల్యం’ నీలోవ్నాలో జీవితానుభవం ద్వారా క్రమంగా రూపొందింది.

నవల ముగింపులో న్యాయస్థానంలో కొడుకు చేసిన ప్రసంగం అచ్చు ప్రతులున్న పెట్టెతో ఆమె రైలుస్టేషనులో పట్టుబడుతుంది. దొంగ అన్న నింద పడగానే పెట్టె తెరిచి ఆ కాగితాలను జనానికి పంచుతుంది. పోలీసుల దెబ్బల మధ్య కూడా మాట్లాడుతూనే ఉంటుంది. కొడుకు మాట తల్లి గొంతులో జనానికి చేరింది, దాని మూల్యం తల్లి శరీరం చెల్లించింది. కొడుకు ప్రవాసశిక్షకు గురి కావడం, తల్లి దెబ్బలు తినడం ఒకే సంకల్పానికి ఇద్దరూ పంచుకున్న మూల్యం.

నీలోవ్నా పాత్రలో లోపం వెతికేవారు ఆమెకు స్వతంత్రమైన ఆలోచన లేదని, కొడుకు నీడగా మిగిలిందని అనవచ్చు. పావెల్ ప్రసంగాన్ని మోసుకుపోవడం ఆ విమర్శకు కొంత ఆధారమే. అయితే పెట్టె విడిచి పారిపోవాలన్న ఆలోచనను జయించి నిలబడిన క్షణంలో ఆమెకు ఎవరూ దారి చూపలేదు. ఆ నిర్ణయం పూర్తిగా ఆమెదే.

7. సుజాత: ఆలస్యంగా అందిన స్ఫూర్తి

మహాశ్వేతాదేవి బెంగాలీలో 1974లో వెలువరించిన ‘హజార్ చురాషీర్ మా’లో కొడుకు కథ ఆరంభానికి ముందే మరణించాడు. నక్సల్బరీ ఉద్యమంలో హత్యకు గురైన బ్రతీ, శవాగారంలో 1084 అన్న అంకెగా మిగిలాడు. సుజాత సంపన్న కుటుంబ స్త్రీ, బ్యాంకు ఉద్యోగిని. కొడుకు పేరు పత్రికలలో రాకుండా చూసుకోవడమే భర్త దివ్యనాథ్‌కు ముఖ్యం. రెండేళ్ళ తరువాత, కొడుకు పుట్టినరోజూ వర్ధంతీ అయిన ఒక్క రోజు ఈ నవల కాలం.

ఆ రోజు సుజాత చేసిన పని పైకి చాలా చిన్నది. కొడుకుతో పాటు చనిపోయిన సోము తల్లిని, కొడుకు ప్రేమించిన నందినిని కలుసుకొని తన కొడుకు ఎవరో తెలుసుకోవడం. తాను కన్నవాడే తనకు అపరిచితుడని గ్రహించడం ఈ నవలలోని విషాదం. సోము ఇంటి పేదరికంలో తల్లి గుండె పగిలేలా ఏడవగలదు. సుజాత ఇంటి సంపదలో ఆ ఏడుపుకు కూడా చోటు లేదు. దుఃఖాన్ని వెలిబుచ్చే స్వేచ్ఛ వర్గాన్ని బట్టి మారుతుందన్న పరిశీలన ఈ రచనకు ప్రాణం.

కథ పొడుగునా సుజాతను అపెండిసైటిస్ నొప్పి వెంటాడుతుంది. ఆమె దానిని ఓర్చుకుంటూ కూతురి నిశ్చితార్థపు విందు దాకా నెట్టుకువస్తుంది. అక్కడ పోలీసు అధికారి కనిపించిన తరువాత ఆమె వేసిన కేక, ఆ వెంట కూలిపోవడం నవలకు ముగింపు. భర్త దానిని అపెండిక్స్ పగలడంగా మాత్రమే చూస్తాడు. ‘తల్లి సహనం’ అన్న ప్రశంసకు ఇంత తీవ్రమైన విమర్శ అరుదు. ఓర్పును సద్గుణంగా కొలిచే ఇల్లు ఆ ఓర్పు శరీరాన్ని లోలోపల ఎలా కుళ్ళబెడుతుందో గుర్తించదు.

సుజాత కొడుకుకు స్ఫూర్తి ఇవ్వలేకపోయింది, కొడుకు నుండి అతడు బతికి ఉండగా పొందలేకపోయింది. ఆలస్యంగా అందిన ఆ స్ఫూర్తికి కార్యరూపం ఇచ్చే వ్యవధి కూడా రచయిత్రి ఆమెకు ఇవ్వలేదు. అయినా కుటుంబం చెరిపివేసిన పేరును తిరిగి పలకాలన్న ఆమె పట్టుదల చిన్నది కాదు. అంకెగా మారిన కొడుకును మళ్ళీ మనిషిగా నిలబెట్టడమే ఆమె సాధించినది.

8. తులనాత్మక పరిశీలన

పై పాత్రలను ప్రవేశికలోని ప్రశ్నలతో పోల్చి చూస్తే కొన్ని అంశాలు స్పష్టపడతాయి. ప్రాచీన కథలలో విదుల, కుంతి, ప్రోలమ కొడుకులను కార్యరంగానికి పంపారు. ఆధునిక నవలలలో నీలోవ్నా, సుజాత కొడుకులు నడిచిన దారిని వెతుక్కుంటూ తామే కార్యరంగానికి వచ్చారు. గోవు ఈ రెండు వర్గాలకూ చెందదు. అది సంతానాన్ని పంపలేదు, అనుసరించలేదు, సంతానం తరఫున తాను వెళ్ళింది.

సంకల్పానికి వనరు తోడైన చోట, తోడు లేని చోట ఫలితం వేరుగా ఉన్నది. విదుల వెనుక కోశం ఉన్నది, నీలోవ్నా వెనుక సహచరుల బృందం ఉన్నది. ప్రోలమ చేతిలో పాలగిన్నె, సుజాత చేతిలో జ్ఞాపకాలు మాత్రమే ఉన్నాయి. ఈ చివరి ఇద్దరి కథలూ మరణంతోనో పతనంతోనో ముగియడం యాదృచ్ఛికం కాదు. పట్టుదల ఉంటే చాలు, అన్నీ సమకూరుతాయన్న నీతిని ఈ రచనలు సమర్థించవు.

ప్రాచీన పాత్రలను మూల్యం అన్న ఆధునిక కొలమానంతో కొలవడం న్యాయమా అన్న ఆక్షేపణ రావచ్చు. క్షాత్రధర్మాన్ని పరమార్థంగా నమ్మిన సమాజంలో కొడుకు మరణం నష్టం కాదు, కీర్తి అని వాదించవచ్చు. ఈ ఆక్షేపణకు సమాధానం ఆ గ్రంథంలోనే ఉన్నది. తల్లి హృదయం ఇనుముతో చేసినదా అని అడిగినవాడు సంజయుడు. విదుల మాటలతో పురికొల్పి ఎందుకు విడిచిపోతున్నావని అడిగినవాడు ధర్మరాజు. మూల్యం గురించిన ప్రశ్న ఆధునిక విమర్శకుడు బయటి నుండి తెచ్చినది కాదు. ఇతిహాసంలోని కొడుకులే దానిని లేవనెత్తారు. వారికి సమాధానం చెప్పే బాధ్యత నుండి విదుల, కుంతి తప్పుకోకపోవడం వారి గొప్పతనం.

మరొక అంశం కూడా గమనింపదగినది. ఈ తల్లుల సంకల్పం చాలాచోట్ల మరొక స్త్రీకి జరిగిన అన్యాయంతోనో, మరొక స్త్రీ సాహచర్యంతోనో ముడిపడి ఉన్నది. కుంతికి ద్రౌపది, సుజాతకు సోము తల్లి, నందిని ఉన్నారు. ప్రోలమ, చానమ్మల మధ్య కూడా ఐక్యత ఉన్నది, కాని అది ఒక పురుషుని సిగ్గుపరచడానికే పరిమితమైంది. తల్లి–కొడుకుల బంధాన్ని మాత్రమే చూసే పరిశీలన ఈ స్త్రీల పరస్పర సంబంధాన్ని విస్మరిస్తుంది. తల్లి–కూతుళ్ళ సంకల్ప కథలు ఈ ఆరింటిలో ఒక్కటీ ప్రధానం కాకపోవడం ఈ సంప్రదాయంలోని పెద్ద ఖాళీ. ఆ ఖాళీని పూరించిన రచనలను ఇదే ప్రశ్నావళితో పరిశీలించడం తదుపరి పరిశోధనకు తగిన అంశం.

9. ముగింపు

తల్లి సంకల్పం సాహిత్యంలో ఏకరూపం కాదు. అది విదులలో వ్యూహం, కుంతిలో సందేశంగా మొదలై సన్న్యాసంగా ముగిసిన బాధ్యత, ప్రోలమలో శ్లేష, గోవులో సత్యం, నీలోవ్నాలో విద్య, సుజాతలో అన్వేషణ. ఈ భిన్నత్వాన్ని ‘మాతృమూర్తి’ అన్న ఒక్క మాట కింద కలిపివేయడం పాత్రలకూ రచయితలకూ న్యాయం చేయదు.

తల్లి గొప్పతనాన్ని కీర్తించే పాఠం తరగతి గదిలో తరచుగా చెప్పబడుతుంది. ఆ పాఠంలో విదుల నిందతో పాటు ఆమె చూపిన ధనరాశి, ప్రోలమ చమత్కారంతో పాటు ఆమె కొడుకు మరణం, కుంతి సందేశంతో పాటు ధర్మరాజు అడిగిన ప్రశ్న, సుజాత ఓర్పుతో పాటు ఆమె వేసిన కేక కూడా ఉండాలి. వనరు లేని చోట పట్టుదలను మాత్రమే పొగడడం తల్లుల మీద మరొక భారం మోపడమే అవుతుంది. తల్లుల నుండి నిజమైన స్ఫూర్తి పొందదలచిన పాఠకుడు వారు ఏమి సాధించారని అడిగిన వెంటనే, ఆ సాధనకు వారికి ఎవరు తోడు నిలిచారని, ఎవరు నిలవలేదని కూడా అడగవలసి ఉంటుంది.